సీతారత్నం గారి సవరం

నేను ఒక సవరాన్ని. జుట్టు పలచబడ్డ ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకునే వెంట్రుకల కుచ్చుని. మనుషుల తీరు నాకు మొదటినుంచీ వింతే. తలమీద ఉన్నంతసేపూ వెంట్రుకకి నూనె రాసి, సాంబ్రాణి పొగ వేసి గారాబం చేస్తారు. అదే వెంట్రుక అన్నంలో కనబడిందా, ఇల్లు పీకి పందిరి వేస్తారు.

మండపేటలో సీతారత్నం గారి దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్లోంచి పుట్టాను. ఆవిడ వాటిని ఉండచుట్టి చూరులో దోపి దాచేది. సవరాలు కట్టే మనిషి వీధిన వచ్చినప్పుడు చిక్కు తీయించి కుచ్చు కట్టించుకుంది. ఆవిడ పోయాక కోడలు మంగతాయారు జడలోకి చేరాను. మంగతాయారుకి అత్తగారంటే హడల్. ఆ కాలం కోడళ్ళు అత్తగారి పేరు పలకరు కదా, ఈవిడ సీతాఫలాన్ని కూడా "గింజల పండు" అనేది. కొన్నాళ్ళకి ఆమె తల నెరిసింది, నేను నెరవలేదు. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య పడుకున్నాను.

మూత మళ్ళీ తెరుచుకున్నది మనవరాలి కోసం. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడన్నారు. ఆ పిల్ల మాత్రం ఊహ తెలిసినప్పటినుంచీ ఆడపిల్లననే చెబుతూ వచ్చింది. తండ్రి బలవంతంగా జుట్టు కత్తిరించి, "మా వల్ల కాదు" అని తాతా మామ్మల దగ్గర దింపిపోయాడు. మంగతాయారు ఆ బోడితల నిమిరి, ఇంకేమీ అడగలేదు. జుట్టు పిలకకి అందేదాకా ఆగి, నన్ను కలిపి బిగించి జడ వేసింది. అద్దంలో చూసుకుని పిల్ల ఏడ్చింది. అబద్ధమెందుకు, నాకూ కడుపు నిండిపోయింది.

చిక్కల్లా తాత సత్తిరాజుతోనే. మనసు వెన్న, నోటికి పాత అలవాటు. "ఒరేయ్" అని పిలిచేవాడు, నాలిక్కరుచుకునేవాడు, మళ్ళీ "ఒరేయ్" అనేవాడు. పిలిచినప్పుడల్లా పిల్ల మొహం చిన్నబోయేది. ఒకరోజు మంగతాయారు కాఫీ గ్లాసు చేతికిస్తూ తేల్చేసింది.

"పిల్లకి మీ అమ్మగారి పేరు పెడుతున్నానండీ. ఇక ఒరేయ్ అంటారో, ఏమంటారో మీ ఇష్టం."

కన్నతల్లి పేరున్న పిల్లని ఒరేయ్ అనడానికి ఏ కొడుక్కి నోరొస్తుంది? మర్నాటినుంచి సత్తిరాజు "అమ్మా, సీతారత్నం" అన్నాడు. మంగతాయారు మాత్రం ఆ పేరు పలకలేక "అమ్మడూ" అని సరిపెట్టుకుంది. తాను తీసిన గోతిలో తానే పడింది పాపం.

అసలు పరీక్ష సత్తిరాజు తమ్ముడి కూతురి పెళ్ళికి వచ్చింది. "వాణ్ణి ప్యాంటూ చొక్కా వేసి తీసుకురండి, లేదా ఇంట్లో వదిలిరండి" అని తమ్ముడు ముందే కబురంపాడు.

"మీరెళ్ళండి తాతా, నేను రాను" అంది పిల్ల.

"నువ్వు లేకపోతే మేమూ లేం. జడేయించుకో అమ్మా" అన్నాడు సత్తిరాజు.

పెళ్ళిమంటపంలో కనకాంబరాల కింద నేను ఠీవిగా వేలాడుతున్నాను. తమ్ముడి భార్య కుంకుమ భరిణె పట్టుకుని ఆడవాళ్ళందరికీ వరసగా బొట్టు పెడుతూ వచ్చి, పిల్ల ముందు ఆగిపోయింది.

"ఈ అమ్మాయెవరక్కా?" అంది, అన్నీ తెలిసే.

పక్క కుర్చీల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. సత్తిరాజు దూరంగా మగవాళ్ళ బంతిలో ఉన్నాడు. పిల్ల జడ ముందుకేసుకుని నన్ను గట్టిగా పట్టుకుంది. మంగతాయారు పమిట సర్దుకుంది. కాపురానికొచ్చిన నాటినుంచీ పెదవి దాటని పేరు, మంటపమంతా వినబడేలా పలికింది.

"సీతారత్నం. మా మనవరాలు. మనత్తగారి పేరే. బొట్టు పెట్టు."

తోడికోడలి చెయ్యి దానంతటదే లేచింది. ఆ పేరు వింటే ఆవిడకీ హడలే మరి.

ఇప్పుడు సీతారత్నానికి నడుందాకా సొంత జడ ఉంది. నేను మళ్ళీ పెట్టెలోకి వచ్చేశాను. బాధేమీ లేదు, చెయ్యాల్సింది చేశాను. మొన్న వంటింట్లోంచి మంగతాయారు గొంతు ఖంగున వినిపించింది.

"సీతారత్నం, ఇలా రా అమ్మా. సీతాఫలాలు తిందువుగాని."