పొయ్యి ఉన్న క్యాంపు

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఏ ఇంట్లోనైనా 'క్యాంపు' అనే మాటకు ఒకటే అర్థం. మగవాళ్లు చీరల మూటలు కట్టుకుని పై ఊర్లకు అమ్మకానికి పోవడం. నా భర్త శేషయ్య ముప్పై ఏళ్లు హుబ్లీ, షోలాపూర్, నాగపూర్ క్యాంపులు తిరిగాడు. తిండి దగ్గర మాత్రం మహా పట్టుదల మనిషి. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ తగిలిన గిన్నెలో వండింది ముట్టడు. నమ్మకమైన చోటు దొరకకపోతే బ్రెడ్డు, అరటిపండు తిని గడిపేసేవాడు. తిరిగొచ్చి గడప దాటకముందే ఆ సంగతి చెప్పేవాడు.

"నాలుగు దినాలు బ్రెడ్డు, అరటిపండే తిన్యా సుబ్బమ్మా."

నేను అయ్యో అనుకుని పరుగున పోయి చారు పెట్టేదాన్ని. ఆయన లేని రోజుల్లో కూడా నాకు పొయ్యి దగ్గర తీరిక ఉండేది కాదు. అత్తమామలు, వదిన, పిల్లవాడు, అంగడి గుమస్తాలు, అందరికీ రెండు పూటలా వడ్డించేదాన్ని. అందుకని ఆ మాటకు నా మనసులో ఇంకో అర్థం కూడా కుదురుకుంది. క్యాంపుకు పోయినవాళ్లు వండరు. ఎవరో ఒకరు పెట్టింది తింటారు, లేదంటే బ్రెడ్డు తింటారు, పొయ్యి మాత్రం ముట్టించరు.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పాడు. మోకాళ్లకంటే ముందు మనసు అరిగిందని ఆయనకు చెప్పలేదు, చెప్పినా దానికి మాత్ర ఉండదు.

వైశాఖం ఎండల్లో ఒక పగలు, మా వాడు భరత్‌కుమార్ అంగడి నుంచి భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుంటూనే అన్నాడు.

"అమ్మా, ఈసారి నువ్వూ క్యాంపు పోతాండావు."

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నిజంగానే చెప్తాండా. ఆషాఢంలో ఎట్లాగూ అంగడి బేరం ఉండదు. పద్నాలుగు దినాలు న్యూజిలాండ్. దినానికొక క్యాంపు."

ఆ దేశం ఎక్కడుందో నేను అడగలేదు. పద్నాలుగు రోజులు అన్న మాట ఒక్కటే వినిపించింది. పద్నాలుగు రోజులు క్యాంపు! చెప్పడానికి సిగ్గెందుకు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నం ఆవిరి తగిలిందని చెప్పి మొహం తుడుచుకున్నాను.

మరునాడు మాకు చీరలు నేసే కదిరమ్మ, నేసిన చీర తీసుకుని ఇంటికి వచ్చింది. ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"కదిరమ్మా, నేను క్యాంపు పోతాండా."

"మీరే? క్యాంపా?" అని నోరు తెరిచి, వెంటనే నవ్వేసింది. "అయితే పద్నాలుగు దినాలు పొయ్యి కాడికి పోయే పనే లేదు. అదృష్టమంటే మీదేనక్కా."

చూశారా, ఆమెకూ అదే అర్థమైంది. తప్పు నా ఒక్కదానిది కాదు.

ఆ వారం అంగడి సెలవునాడు అందరం హాల్లో కూర్చున్నాం. పైన ఫ్యాను వేడిగాలి కొడుతోంది. ఎదురుగా టీవీలో మంచు కొండలు. వాళ్లకు అప్పుడు చలికాలమట. భరత్ ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి ఒక్కొక్క బొమ్మా చూపిస్తున్నాడు. పక్కన మా కోడలు సుష్మిత ఊర్ల పేర్లు చదువుతోంది. అంగడి చీరలు ఫోన్లలో అమ్మే పనంతా ఆ పిల్లదే. రెండేళ్లుగా ఈ ప్రయాణం గురించి చదివి, ఒక సరస్సు పేరు కాగితం మీద రాసి అద్దానికి అంటించుకుంది. టెకపో అట. అక్కడ ఆకాశంలో చుక్కలు చూడాలని దాని ఆశ.

తర్వాత బండి బొమ్మ వచ్చింది. లారీ అంత తెల్లటి బండి. మోటర్‌హోమ్ అంటారట. లోపల మంచాలు, కుర్చీలు, బల్ల, నీళ్ల ట్యాంకు. కొళాయి వచ్చే రోజు చూసుకుని బట్టలు నానబెట్టే మాకు, బండిలోనే స్నానమంటే నమ్మకం కుదరలేదు.

"దొడ్డికో?" అని అడిగింది మా వదిన హేమావతమ్మ. ఆయన అక్క. మొగుడు పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది.

"అదీ లోపలే అత్తా. క్యాంపు సైటులో పారబోసుకునేకి చోటు ఉంటాది."

"ఎవురు పారబోసేది?"

"నేనే అత్తా, నేనే. రాసి పెడతా చూడు."

వదిన ముక్కు మూసుకుంది. అందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. అప్పటికింకా నాకు తెలియదు కదా.

భరత్ ఇంకో బొమ్మ పెట్టాడు. గోడకు ఆనించి రెండు పొయ్యిలు, చిన్న సింకు, కింద ఫ్రిజ్జు.

"ఇదో చూడమ్మా, నీ వంటిల్లు!"

ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, కోపం కూడా వెంటనే రాలేదు.

"మీరెవురూ బయట తినరు కదా అని వెతికి వెతికి ఇది పట్టినా. ఓటళ్ల బాధే లేదు. యాడ నిలిపితే ఆడ వేడివేడిగా వండుకోవచ్చు. క్యాంపు సైటులో కూడా పెద్ద వంటిల్లు ఉంటాది, అందరికీ."

అంటే బండిలో ఒకటి, దిగితే ఇంకొకటి. ఆయన తొడ చరిచి, "బలే ఏర్పాటు చేసినావ్ రా" అన్నాడు. ఇంట్లో వండిందే దొరుకుతుందంటే తానూ వస్తానని వదిన అప్పటికప్పుడు ఒప్పుకుంది. నా పని చారుపొడి, చట్నీపొడి, ఊరిమిండి పచ్చడి సిద్ధం చేయడమని తేలింది. విమానం దిగినప్పుడు తిండి సామాను ఏమున్నా కాగితం మీద రాసి చూపించాలట, దాచకూడదట. నేను దాచేదేముంది, నా ముప్పై ఆరేళ్ల కాపురమంతా ఆ డబ్బాల్లోనే ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో వేరే మాట లేదు. భరత్ ఒక పట్టిక తయారు చేశాడు. ఏ రోజు ఏ ఊరు, ఏం చూడాలి, ఎక్కడ క్యాంపు, ఎవరి పని ఏమిటి. బండి తోలడం, దొడ్డి పారబోయడం భరత్. దారి చూడడం, ఫోటోలు సుష్మిత. నీళ్లు పట్టడం, కరెంటు తగిలించడం ఆయన. దేవుడి దీపం వదిన. వంట అనే వరుసలో 'అమ్మ', 'అమ్మ', 'అమ్మ' అని పద్నాలుగు గడులు. పగలు వేడి నీటి బుగ్గలు చూసేది పది గంటలకైతే, ఉప్మా, మధ్యాహ్నానికి చిత్రాన్నం కట్టుకుని బయలుదేరాలి. అంటే నేను ఐదుకు లేవాలి. పైగా నాకూ ఆయనకూ ఇచ్చిన మంచం, తినే బల్లను మడిచి పరుపు వేస్తే అయ్యేది. పొయ్యికి రెండడుగుల దూరం.

నాకు లేపాక్షి గుర్తుకొచ్చింది. మూడుసార్లు పోయాం. అంత పెద్ద నంది ఎదురుగా ఉంటే, నేను చెట్టుకింద దుప్పటి పరిచి చిత్రాన్నం విస్తర్లలో పెడుతూనే ఉన్నాను. ఆ నంది మొహం ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే, ఈరోజుకీ నేను చెప్పలేను. సముద్రం దాటి పోయినా నాకు మిగిలేది గిన్నెలు కడిగే సింకు పక్క కిటికీలోంచి కనిపించే కొండే.

బండికి దుడ్లు కట్టే రోజు వచ్చింది. అదీ అంగడి సెలవు రోజే, పదకొండు గంటల వేళ. అందరూ టీవీ ముందు చేరారు. భరత్ బటన్ నొక్కబోతుంటే నేను అన్నాను.

"నా పేరు తీసేయ్ భరత్. నేను రాను."

 అందరికంటే ముందు ఆయన నోరు తెరిచాడు.

"మరి వంటెట్ల?"

ముప్పై ఆరేళ్ల కాపురం. నేను రానంటే మొదట వచ్చిన మాట అది. ఒళ్లు బాగాలేదా అని కాదు, ఎందుకని కాదు. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అలసట మాత్రం మోకాళ్ల నుంచి మెడదాకా ఎక్కింది.

"ఏమైందమ్మా? ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు భరత్.

"ఎవురూ ఏమీ అనలేదప్పా. చాతకాదు. మీరు పోయిరాండి."

"నువ్వు రాకుంటే నేనేం తినల్ల ఆడ?" అంది వదిన.

అందరూ తలా ఒక మాట అన్నారు. నేను మాట మార్చలేదు. చివరికి భరత్ నిట్టూర్చి, పట్టిక తెరిచి, ఆ వరుసలో నా పేరు చెరపడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క గడి ఖాళీ అవుతుంటే నాకు మెడ మీది బరువు దించినట్లే ఉంది. పద్నాలుగూ ఖాళీ అయ్యాయి. ఆ వెంటనే మొదటి గడిలో ఒక పేరు పడింది. 'సుష్మిత.' కిందికి లాగాడు. పద్నాలుగు గడులూ నిండిపోయాయి.

నేను కోడలి వైపు చూశాను. తల వంచుకుని ఫోనులో ఏదో చూస్తున్నట్లు కూర్చుంది. ఫోను వెలగడం లేదు.

"చేస్తాలే," అంది మెల్లగా.

ఆ గొంతు నాకు తెలుసు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన మూడోరోజు మా అత్తకు నేను అదే మాట, అదే గొంతుతో చెప్పాను. నా పేరు తీసేస్తే ఆ గడి ఖాళీగా ఉంటుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఆ గడి ఖాళీగా ఉండదు. నేను లేస్తే సుష్మితను కూర్చోబెడుతుంది, అంతే.

"భరత్, నా పేరు మళ్లీ రాయి. నేనూ వస్తా," అన్నాను.

ఆయన మొహం వికసించింది. "అట్ల చెప్పు మరి!"

"నువ్వు ఆగు," అన్నాను ఆయనతో. "నిన్నొకటి అడుగుతా, నిజం చెప్పు. నువ్వు ముప్పై ఏండ్లు క్యాంపు పోయినావు కదా. ఒక్కనాడన్నా వండుకున్యావా?"

"క్యాంపులో ఎవురన్నా వండుకుంటారా?"

"మరి ఓటలు కుదరకపోతే ఏం తింటాంటివి?"

ఆయనకు అర్థమైంది. 

"బ్రెడ్డు, అరటిపండు."

"ఇదీ క్యాంపే కదా. అదే రాయి భరత్, వంట కాడ. పద్నాలుగు దినాలూ."

"రోజూనా అమ్మా?"

"మీ నాయన చచ్చిపోయినాడా తిని? ఎవురికన్నా వేడిగా కావల్లంటే పొయ్యి ఉండాది, వాళ్లే ముట్టించుకోనీ. నేనూ, సుష్మితా ముట్టం."

వదిన గొణుక్కుంటూ లేచి దేవుడి గదిలోకి పోయింది. భరత్ తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల వైపు చూశాడు. సుష్మితే లేచి ల్యాప్‌టాప్ తన ఒళ్లోకి తీసుకుని తన పేరు చెరిపి, మొదటి గడిలో 'బ్రెడ్డు, అరటిపండు' అని కొట్టింది. కింది దాకా లాగింది.  ఆ తర్వాత దుడ్లు కట్టే బటన్ కూడా అదే నొక్కింది.

అప్పటికి ఒంటిగంట దాటింది. పొయ్యి మీద నీళ్లు కూడా పెట్టలేదు. ఆయన అలవాటుగా వంటింటి వైపు చూసి, నా వైపు చూశాడు. నేను కుర్చీలోంచి కదలలేదు. సుష్మిత లేవబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన చెప్పులు వేసుకుని ఎండలో బయటికి పోయాడు.

కాసేపటికి ఒక బ్రెడ్డు పొట్లం, డజను అరటిపండ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తలా రెండు ముక్కలు ఇచ్చి, తానూ ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి కష్టపడుతున్నాడు. పైన నాలుగు పళ్లు లేవు.

"ముప్పై ఏండ్లు ఇది గొంతులో దిగిందంటే, ఇంటికి పోతే నువ్వు చారు పెడతావని," అన్నాడు నా వైపు చూడకుండా.

నాకు జాలి వేసింది. చాలా వేసింది. చింతపండు నానబెట్టడానికి చేయి తనంతట తానే లేచింది కూడా. ఆ చేత్తోనే ఒక అరటిపండు ఒలిచి, ఆయనకిచ్చి, మళ్లీ వెనక్కి ఆనుకున్నాను.