ఐలవ్వ విన్న మెయిల్

వంటలైనంక జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నంల ఆడోళ్లు చాటలు పట్టుకొని ఐలవ్వ అరుగు మీదికి బీడీలు చుట్టనీకి వస్తరు. ఎవరికన్న ఉత్తరమొస్తే ఐలవ్వ దాన్ని చెవికి ఆనించుకొని రాసినోళ్ల గొంతు వింటది. దుబాయి ఉత్తరాల కాలం నుంచీ అంతే. ఇప్పుడు ఉత్తరాలకు బదులు ఫోన్లు తెచ్చి చేతికిస్తున్నరు.

ఆ రోజు సంగీతకు పీఎఫ్ ఆఫీసు పేరు మీద మెయిల్ వచ్చింది. సాయంత్రం అయిదు లోపల కింది లింకు ఒత్తి ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌వర్డ్ నింపకుంటే ఖాతా బందైతదట. పన్నెండేండ్ల బీడీల కష్టమంత అండ్లనే ఉన్నది. సంగీత వేలు లింకు మీదికి పోయింది.

"ఆగు బిడ్డా" అని ఐలవ్వ ఫోన్ తీసుకొని విన్నది. "గిది ఆఫీసోళ్ల గొంతు గాదు. ఎవలో పిల్లగాడు. వాని మీద నిలవడి ఎవలో రాపిస్తున్నరు. నంబర్లు పంపున్రి అని రాసుకుంటనే, మనసుల పంపకున్రి, పంపకున్రి అంటున్నడు."

సంగీత మెయిల్ మళ్ల చూసింది. పంపినోళ్ల అడ్రసుల ఒక అక్షరం ఎక్కువున్నది. తన పేరు యాడ లేదు, 'ప్రియమైన ఖాతాదారు' అని మాత్రం ఉన్నది.

ఐలవ్వ ఇంకోసారి విని, ఎదురుంగ కూసున్న చంద్రవ్వ దిక్కు చూసింది. "గొంతు మీ అఖిల్‌ది, చంద్రవ్వా."

చంద్రవ్వ కొడుకు అఖిల్ కంప్యూటర్ నౌకరని దేశం దాటి ఏడు నెలలు. ఫోన్ లేదు, కబురు లేదు.

చంద్రవ్వ చాట కింద పెట్టింది. "ఎట్లున్నడు?"

"జలుబు చేసింది."

ఆ దినం నుంచి అసొంటి మెయిల్ ఎవరికొచ్చినా లింకు ముట్టకుండ ఐలవ్వకు తెచ్చిచ్చిన్రు. గొల్లపల్లి నుంచి సుత వచ్చిన్రు. ఒకదాంట్ల కిటికీ అవతల ఏరు పారుతున్న చప్పుడు వినవడ్డది. ఇంకోదాంట్ల అఖిల్ తనను పెట్టిన బిల్డింగు గేటు మీది పేరు మనసుల ఒక్కో అక్షరం చదివిండు. సంగీత అన్నీ రాసుకొని, చంద్రవ్వను తోల్కొని జగిత్యాల ఠాణాకు పోయింది.

"మీకెట్ల తెలిసింది?" అని పోలీసాయన అడిగిండు.

"ఐలవ్వ విన్నది, సార్."

ఆయన గదే రాసుకొని, మెయిళ్లు జతచేసి పైకి పంపిండు.

రెండు నెలలకు ఆ బిల్డింగు మీద అక్కడి పోలీసులు పడ్డరు. అఖిల్ ఇంకో పదకొండు మందితోటి ఇల్లు చేరిండు.

అన్నం పెట్టుకుంట చంద్రవ్వ అడిగింది. "నువ్వు రాసినయి నమ్మి ఎవరన్న పంపిన్రా, కొడుకా?"

అఖిల్ చేతిల ముద్ద కంచంల పెట్టిండు.

"పంపిన్రు అవ్వా. మస్తుమంది."

తెల్లారి తల్లీకొడుకులు మళ్ల జగిత్యాల బస్సెక్కిన్రు. నమ్మి పంపినోళ్లల అఖిల్ తనకు గుర్తున్న పేర్లన్నీ ఠాణాల చెప్పి రాపిచ్చిండు. పొద్దు గూకేదాక రాపిచ్చిండు.