ఫ్యాన్ తగువు తీరిపోయింది

డ్యూటీ దిగి ఇంటికొచ్చే బస్సు డ్రైవరు కోసం ఇదివరకు రోజూ ఒక తగువు కాచుకుని ఉండేది. ఆయన రాగానే ఫ్యాన్ అయిదు మీద పెట్టేవాడు. మిషన్ మీద బట్టలు కుట్టే భార్య విసురుగా లేచొచ్చి రెండుకి దించేది.

"ఇంజను పక్కన ఉడికిపోయి వచ్చాను, కనపడట్లేదా?"

"గుడ్డ ముక్కలన్నీ ఎగిరిపోతున్నాయి, మీకేం!"

ఇరవై రెండేళ్లు ఇదే వరస. ఆ అరుపుల మధ్యలోనే బస్సులో ఎవడు నోరు పారేసుకున్నాడో, ఎవరి చొక్కా కొలత తప్పిందో, అన్నీ బయటపడేవి.

వినలేక కూతురు ఇంట్లో ఏఐ ఏజెంట్లని పెట్టించింది. నాన్నకొకటి, అమ్మకొకటి, మాట్లాడ్డానికి గోడ మీద ఒక చిన్న పెట్టె. ఫ్యాన్లూ లైట్లూ ఎలా ఉండాలో అవి రెండూ తమలో తాము మాట్లాడుకుని తేల్చేస్తాయి. నెల్లాళ్లుగా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది.

ఇవాళ ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఫ్యాన్ అయిదు మీద పెట్టు!" అని పక్కింటికి వినపడేలా అరిచాడు. ఏజెంట్లు ఏం మంతనాలాడుకున్నాయో, గోడ ఫ్యాన్ తల బుద్ధిగా ఆయన వైపు తిప్పుకుని అయిదు మీద తిరిగింది. మూడడుగుల దూరంలో మిషన్ మీద ఒక్క ముక్క కదల్లేదు.

"ఏమేవ్, నిన్నే!" అన్నాడు, గొంతు దిగిపోయి.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే గోడ మీది పెట్టెకి చెప్పింది. "ఆయనకేం కావాలో కాస్త కనుక్కో."

"ఏం కావాలండీ?" అంది పెట్టె.

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"ఏమీ వద్దులే."

"అలాగే. ఆవిడకి చెప్తాను."