టైరులోంచి మాయమైన ట్యూబు

మోటార్ సైకిల్ టైర్లకి ఒక పాడు అలవాటు ఉంది. పనీపాటా లేని రోజున గాలి పోనివ్వవు. కూరగాయలకి వెళ్ళిన రోజు రాయిలా గట్టిగా ఉంటాయి. ఏడాదికొక్కసారి, మనిషి నిజంగా ఎక్కడికో చేరి తీరాల్సిన రోజు పొద్దున, గుమ్మం ముందు చతికిలబడి కూర్చుంటాయి.

సొంతపని గారి బండి ఆ ఆదివారం ఆరున్నరకి సరిగ్గా అలాగే కూర్చుని కనిపించింది.

ఆయన్ని ఆ అపార్ట్‌మెంట్‌లో అందరూ సొంతపని గారనే అంటారు. ఎదుట కాదు, వెనక. ఇంట్లో ఏది చెడినా ఇంకొకర్ని పిలవరు, తనే బాగుచేస్తారు. ఆయన బాగుచేసిన కుళాయి పటకారుతో తిప్పితే చక్కగా వస్తుంది. బాగుచేసిన ఫ్యాను చీపురుకర్రతో ఒక్కటిస్తే తిరుగుతుంది. బాగుచేసిన కాలింగ్ బెల్లు ఎదురింట్లో మోగుతుంది. ఎదురింటావిడ ఓర్పుగల మనిషి. తలుపు తీసి, "మీకెవరో వచ్చారండీ" అని కేకేసి మళ్ళీ వేసుకుంటుంది.

ఆయన బాగుచేసిన అలారం గడియారం సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎత్తకూడదు. వాళ్ళావిడ ఒక ఆఫీసులో గుమాస్తా. పన్నెండేళ్ళుగా అదే కుర్చీ. పై మెట్టు ఎక్కాలంటే డిపార్ట్‌మెంటు పరీక్ష పాసవ్వాలి. మనిషికి మూడే ఛాన్సులు. మొదటిదాన్ని ఆ గడియారం మింగింది. రెండోదాన్ని జ్వరం మింగింది. మూడోది ఈ రోజే. ఊరి చివర కాలేజీలో పరీక్ష, పావు తక్కువ పదికి గేటు మూసేస్తారు. మూశాక దేవుడొచ్చినా తియ్యరు.

"ఏవండీ, కారు మాట్లాడుకుందాం. ఆదివారం పొద్దున్నే అటువైపు రమ్మంటే ఎవరూ రారు" అని ఆవిడ ముందురోజే అంది.

"ఇంట్లో బండి పెట్టుకుని కారా? పాతిక నిమిషాల దారి. నేనున్నాగా."

"అదేగా నా భయం" అంది ఆవిడ.

పొద్దున ఆరింటికే ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని, పుస్తకాలు తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "తొమ్మిదింబావు దాకా తలుపు కొట్టకండి. ఇల్లంటుకున్నా సరే. అంటుకుంటే మీరు ఆర్పకండి, ఇంకెవర్నైనా పిలవండి" అని గడియ పెట్టుకుంది.

అరగంట తర్వాత ఆయన వరండాలోకొచ్చి బండిని చూశారు. వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఆయనకి భయం వెయ్యలేదు. పైగా లోపల్లోపల కొంచెం సంతోషమే వేసింది. రెండు గంటల ముప్పావు టైముంది, ఇంట్లో పనిముట్లున్నాయి, అడ్డుచెప్పే మనిషి గదిలో గడియ పెట్టుకుని ఉంది. ఇలాంటి యోగం రోజూ పట్టదు.

కాలితో తొక్కే పంపుతో గాలి కొట్టారు. మగ్గులో సబ్బునీళ్ళు కలిపి, స్పాంజితో టైరంతా పట్టించారు. చక్రం మెల్లగా తిప్పుతూ చూస్తే ఒకచోట బుడగలు, పసిపిల్లాడి మూతి మీద చొంగలాగా, వచ్చి పోతూ వచ్చి పోతూ ఉన్నాయి. తుడిచి చూస్తే మేకు తల. జీవితంలో మొదటిసారి ఆయన ఒక జబ్బుని సరిగ్గా కనిపెట్టారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

బండిని ఇటుకల మీద నిలబెట్టారు. నట్లు విప్పారు, చైను దించారు, చక్రం ఊడదీశారు. ఇక లోపలి ట్యూబు బయటికి లాగి అతుకు వెయ్యడమే తరువాయి. టైరు మాత్రం చక్రాన్ని వదిలితేనా! స్క్రూడ్రైవరు దూర్చారు. వంటింట్లోంచి రెండు గరిటెలు తెచ్చి దూర్చారు. ఒక గరిటె ప్రశ్నార్థకంలా వంగిపోయింది. టైరు మీదెక్కి గెంతారు. పైవాటా పిల్లలు బాల్కనీలోకొచ్చి చూసి, చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. చెమటలు కారి, చొక్కా నల్లబడి, వేలు చితికి, ఎనిమిదీ నలభైకి టైరు ఒకపక్క లొంగింది.

ఆయన లోపలికి చెయ్యి పెట్టారు. రైల్లో సీటుకింద చెప్పుకోసం తడిమినట్టు చుట్టూ తడిమారు. ఇటునించి అటు, అటునించి ఇటు. ట్యూబు లేదు!

పోయిన నెలే కదా వీధి చివర మెకానిక్‌కి సర్వీసింగుకిచ్చింది. అంటే నెలరోజులుగా తను ట్యూబు లేకుండా తిరుగుతున్నాడన్న మాట! ఆయన ఒళ్ళు జలదరించింది. తర్వాత మండింది. వెంటనే ఫోన్ తీసి, నలభై ఎనిమిది ఇళ్ళవాళ్ళున్న అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు: "అందరికీ హెచ్చరిక. మన వీధి చివర మెకానిక్ నా బండి ట్యూబు దొంగిలించాడు. ఫోటో చూడగలరు." ఖాళీ టైరు ఫోటో జతపరిచారు.

"దారుణం" అన్నారు మూడో అంతస్తు రిటైర్డు మేనేజరు గారు. "మా స్కూటరు కూడా ఈమధ్య తేలిగ్గా ఉంటోంది" అంది ఇంకొకావిడ. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఎందుకో ఎవరికీ తెలీదు.

తొమ్మిదీ రెండుకి గేటు ముందు ఒక బండి ఆగింది.

"సార్, నేనే ట్యూబు దొంగని" అన్నాడు మెకానిక్, లోపలికొస్తూ. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. "మీ మెసేజి ఎవరో పంపారు, చూశా. ఏదీ ఆ టైరు?"

గొంతుక్కూర్చుని, తుండుతో టైరు పక్క భాగం తుడిచాడు. "ఇక్కడ ఏం రాసుందో చదవండి సార్."

"ట్యూబ్‌లెస్. చూశాను."

"చూశారా?"

"చూడకేం! రెండు గంటలు సబ్బు పెట్టి తోమిందెవరు? లెస్ అంటే తక్కువ. చిన్న ట్యూబేదో ఉంటుందనుకున్నా. అసలే ఉండదని ఎక్కడ రాసుంది?"

మెకానిక్ తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "వైర్‌లెస్ అంటే వైరు తక్కువుంటుందా సార్?"

సొంతపని గారు టైరు మీది అక్షరాలు ఇంకోసారి తుడిచి చదువుకున్నారు.

"మేకు అలాగే ఉంచి, గాలి కొట్టుకుని వెళ్ళినా బండి పోయి తిరిగొచ్చేది సార్. నా దగ్గరికి తెస్తే ఐదు నిమిషాలు. మేకు లాగి, ఆ బొక్కలో రబ్బరు పోగు దూర్చి కోసేసేవాణ్ణి. ఇప్పుడు చూడండి, అంచు చీల్చేశారు. దేంతో చీల్చారు?"

"గరిటెతో."

"టైరు మార్చాల్సిందే. సాయంత్రం దాకా పడుతుంది."

సాయంత్రం! మెట్టు మీద కూలబడి ఫోన్‌లో కారు కోసం వెతికారు. 'మీ దగ్గర్లో వాహనాలు లేవు.' మళ్ళీ వెతికారు. లేవు. తెలిసిన ఆటో ఆయనకి ఫోన్ చేస్తే, వాళ్ళబ్బాయి ఎత్తి నాన్న నిద్రపోతున్నాడన్నాడు. పడగ్గది తలుపు వంక చూశారు. లోపల పన్నెండేళ్ళ కుర్చీ, మూడో ఛాన్సు, చెవుల్లో దూది.

"బాబూ" అన్నారు, ఇరవై నిమిషాల కిందట దొంగ అన్న మనిషిని. "మా ఆవిణ్ణి నీ బండి మీద కాలేజీ దగ్గర దింపుతావా? గేటు మూసేస్తారు బాబూ. నీ కాళ్ళు..."

"కాళ్ళెందుకు సార్, దింపుతా. పాపం అక్కేం చేసింది? ముందు గ్రూపులో రాయండి. పావుగంటలో నలుగురు ఫోన్ చేశారు, మా బండిలో ట్యూబులెన్నున్నాయో లెక్కపెట్టి చెప్పమని. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో బతుకుతున్నా."

రాయడమెంత పని! సొంతపని గారు పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటు. ఇరవై రెండేళ్ళుగా ఉత్తరాలు రాయడమే ఉద్యోగం. ఫైలు పోతే 'ఫైలు లభ్యం కాలేదు' అనీ, గోడ కూలితే 'గోడ నేలకు చేరినట్లు తెలియవచ్చినది' అనీ రాయగల దిట్ట. ఆయన కలం కింద తప్పులు జరిగాయేగానీ, ఎవరూ చెయ్యలేదు. చకచకా టైపు చేసి చూపించారు: "ట్యూబు విషయమై స్వల్ప సమాచార లోపం ఏర్పడినది."

"ఎక్కడ ఏర్పడింది సార్?"

చెరిపేశారు. "అనివార్య కారణాల వల్ల పొరపాటు జరిగింది."

"ఎవరు చేశారు సార్?"

"జరిగిందయ్యా."

"దానంతటదే జరిగిందా? నా గురించైతే 'దొంగిలించాడు' అని రాశారు. 'దొంగతనం జరిగింది' అని రాయలేదే?"

ఇరవై రెండేళ్ళలో ఏ పై అధికారీ పట్టుకోలేనిది వీధి చివర మెకానిక్ పట్టుకున్నాడు.

"టైమైపోతోంది బాబూ!"

"నాకూ తెలుసు సార్. 'నేను' అని మొదలుపెట్టండి. మిగతాది అదే వస్తుంది." బండెక్కి, ఇంజను స్టార్ట్ చేసి కూర్చున్నాడు.

సొంతపని గారు 'నేను' అని కొట్టారు. బొటనవేలు గాల్లో ఆగిపోయింది. మిగతాది రాలేదు. గ్రూపులో నలభై ఎనిమిది ఇళ్ళవాళ్ళకీ 'టైపింగ్... టైపింగ్...' అని కనిపిస్తోంది. ప్రెసిడెంటు గారు ఇంకో బొటనవేలు పెట్టారు. టైము తొమ్మిదీ పద్నాలుగు. రెండున్నర గంటల నించీ వంగిన నడుము, సబ్బు ఎండిన చేతులు, కళ్ళల్లో నీళ్ళు.

పడగ్గది గడియ చప్పుడైంది. ఆ గడియ కూడా ఆయన బాగుచేసిందే. మూడుసార్లు లాగితే గానీ రాదు. ఆవిడ ఒకసారి లాగింది.

అయ్యా, అమ్మా, చదువుతున్న మహానుభావులారా! ఇంటి పెద్దగా ఉంటూ, నలుగురిలో తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత కూడా బతికున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. 'నేను' తర్వాత ఏం రాయాలి? ఒక్క ముక్క చాలు. ఆయన చెవిలో నేను వేస్తాను. కర్త లేని క్రియాపదాలన్నీ ఆయనకి వచ్చు, ఆ ఒక్కటే రాదు. బయట బండి స్టార్టయి ఉంది, అక్కడ గేటు మూసేస్తారు, ఆవిడకి ఇంకో ఛాన్సు లేదు. తొందరగా చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది.

రెండోసారి లాగింది.