అర్రే

మా శివజ్యోతికి ఆఖరి రౌండు ఇంటర్వ్యూ ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. కంపెనీ బెంగుళూరుది. చదువు అయిపోయి రెండేళ్లు నిండితే కొత్తవాళ్ల కింద ఎవరూ పిలవరట. వచ్చే నెలకు నిండుతాయి. ఇది తప్పితే ఇంకొకటి లేదని అర్థమైనప్పటి నుంచి రోజూ లేవగానే క్యాలెండరు దగ్గరికే పోతున్నాను.

"మా, నువ్వు మహాదేవమ్మత్త ఇంటికి పోయి కూచో. ఈడ ఇంకో గొంతు వినపడకూడదు. వినపడితే పక్కనుంచి జవాబులు చెప్తాండారనుకుంటారు" అంది.

"నేనేం జవాబు చెప్తానే, అయిదో తరగతి చదివినదాన్ని?"

"చెప్పవులే. గమ్మునుండవు, అదీ నా బాధ."

పోయాను. పక్కింటి మహాదేవమ్మ బొరుగుల ఉగ్గాని పెట్టింది. ఒక ముద్ద తిని పక్కన పెట్టాను. కరెంటు పోతే? పిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదు, కళ్లు తిరిగి పడితే? ఆ లాప్‌టాప్ ఎవరో వాడి అమ్మింది. బ్యాటరీ చచ్చిపోయింది, ప్లగ్గు ఊడితే ఆ క్షణమే ఆరిపోతుంది. ప్లగ్గేమో వదులు. అట్టముక్క మడిచి దోపి నిలబెట్టాం.

"నీకు మంచి అనేదే తోచదా వదినా?" అంది మహాదేవమ్మ. అప్పటికే నేను లేచాను.

మాది ఒకటే గది. పెరటి వాకిలి నుంచి చప్పుడు లేకుండా వచ్చి, మా ఆయన మార్కెట్టు నుంచి తెచ్చి పేర్చిన ఖాళీ టమేటా బాక్సుల వెనక కూర్చున్నాను. తెర మీద ఎవరో తెల్లాయన, ఏ దేశమో, ఇంగ్లీషులో అడుగుతున్నాడు. పిల్ల గడగడా చెబుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. వచ్చేటట్టే ఉందే అనుకున్నాను. అనుకోకూడదు, అనుకున్నాను.

ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. పిల్ల ఆలోచిస్తోంది. అట్టముక్క జారి ప్లగ్గు కిందికి వంగడం అప్పుడు చూశాను.

"అర్రే!" అని దుమికి పట్టుకున్నాను. లాప్‌టాప్ ఆరిపోలేదు.

తెల్లాయన ముఖం మారింది. ఏదో అడిగాడు. పిల్ల లాప్‌టాప్‌ను మెల్లగా చుట్టూ తిప్పింది, నా దగ్గర ఆపింది. "మై మదర్, సర్" అంది. ఇంకేదో చాలా చెప్పింది. ఆయన విని, రెండు ముక్కలు మాట్లాడి "థాంక్యూ" అన్నాడు. ఆయన మాటల్లో నాకు తెలిసింది అదొక్కటే. ఒక చెయ్యి ప్లగ్గు మీద ఉంది. రెండోది ఎత్తి దండం పెట్టాను.

"ఊడిపోతాండెనే, నేను పట్టుకోకపోతే…" అన్నాను తెర ఖాళీ అయ్యాక.

"ఆయన అడిగిందేందో తెల్సా మా? ఇన్ని అంకెల్ని దేంట్లో పెడితే మేలని. దానికి జవాబు అర్రే."

"అదేందే?"

"కంప్యూటర్లో అంకెల్ని వరసగా పెట్టేదాన్ని ఇంగ్లీషులో అట్లే అంటారు. నా నోట్లో అదే ఉండె. నీ నోట్లోంచి వచ్చె."

"ఫోన్ చెయ్యి. నాకేం రాదని నేనే చెప్తా."

"చెప్పినా మా. మా భాషలో అయ్యో అనేదానికి అట్లంటారని చెప్పినా. నమ్మలే."

సాయంత్రానికి వద్దని మెయిలు వచ్చింది. మార్కెట్టు నుంచి వచ్చిన మా ఆయన ఉరుకుందప్ప సంగతి విని, పిల్లను నవ్విద్దామని, "జవాబు కరెక్టే కదమ్మా, ఆ ఉద్యోగమేదో మీయమ్మకన్నా ఇయ్యమనకపోయినావా" అన్నాడు. అది గోడ వైపు తిరిగి పడుకుంది.

నెల నిండింది. పిల్ల కర్నూలులో సెల్‌ఫోన్ల షాపులో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. పత్తికొండ బస్టాండుకు నేనే తోడు వెళ్లాను.

"టయానికి తిను మా. ఊరికే భయపడొద్దు" అంది కిటికీలోంచి.

బస్సు కదిలాక చూసుకున్నాను, దాని నీళ్ల సీసా నా చేతిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నపు ఎండ. ఒక్క కేకేస్తే డ్రైవరు ఆపేవాడే. ఆ మాటే నాలిక చివరిదాకా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.