బుజ్జక్క కళ్ళజోడు

బుజ్జక్కకు నలభై ఒకటో ఏడు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. తమ్ముడి దగ్గర ఉంటూ, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెట్టే పని చేస్తుంది. లాండ్రీ వ్యాను గుమ్మం ముందే ఎక్కించుకుంటుంది, గుమ్మం ముందే దింపుతుంది.

ఆ ఏడాది ఆమె మెట్ల మీద రెండుసార్లు పడింది. ఏళ్ళుగా ఒక్కో మెట్టూ పాదంతో తడుముతూ నిలబడిపోయేది. "ఎంతకీ తెమలవు కదా అక్కా!" అని తమ్ముడు విసుక్కునేవాడు. కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని తిరగడం కూడా మొండితనమే అనుకున్నాడు. రెండోసారి మోకాలు చీరుకుపోయింది. కట్టు కట్టిన నర్సు కళ్ళు చూపించమంది.

"ఏడేళ్ళ కిందట చూపించామండీ," అన్నాడతను కంటి డాక్టరమ్మతో. "అద్దం మార్చి ఇది బాగుందా, అది బాగుందా అంటే, అన్నీ బాగున్నాయంది. ఆఖరికి ఏదో ఒకటి రాసిచ్చారు."

"ఎవరింటికైనా వెళ్తే కాఫీ బాగుందా అని అడుగుతారు. మీరేమంటారు?"

"బాగుందనే అంటాం."

"ఈవిడా అంతే. నేనసలు అడగను, కొలుస్తాను." డాక్టరమ్మ బుజ్జక్క వైపు తిరిగింది. "బుజ్జక్కగారూ, గడ్డం ఇక్కడ ఆనించండి."

తన పేరుకు గారు తగలడంతో బుజ్జక్క కిసుక్కున నవ్వింది. తల కదిలింది. పవరు కొలిచే యంత్రం మూడుసార్లు మూడు వేర్వేరు అంకెలు చూపించింది. నాలుగోసారి ఆమె గడ్డం ఆనించనంది. డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. గదిలో దీపాలు తగ్గించి, సన్నటి వెలుగు గీతను దూరం నుంచి ఆమె కంటి మీద అటూ ఇటూ ఆడించింది. కంటిలోంచి తిరిగొచ్చే ఎర్రటి మెరుపు కదులుతున్నంతసేపూ అద్దాలు మార్చింది. మెరుపు కదలడం ఆగిన అద్దం దగ్గర తానూ ఆగింది. ఆ తర్వాత దగ్గరగా ఒక పిల్లి బొమ్మ చూపిస్తూ మళ్ళీ కొలిచింది.

పాత జోడు పవరు రెండు. కావలసింది ఆరున్నర. పైగా దగ్గరి వస్తువుల మీద చూపు సరిగా కుదురుకోవడం లేదు. అందుకు అద్దాల్లో కింది సగం వేరేగా ఉండాలి.

కొలత సరిచూడటానికి డాక్టరమ్మ ఒక గిన్నెడు గుండీలిచ్చి రంగుల వారీగా వేరు చేయమంది. పాత జోడుతో బుజ్జక్క ఒక్కో గుండీనీ ముక్కు దాకా తెచ్చుకుంది. పరీక్ష ఫ్రేములో కొత్త అద్దాలు పెట్టాక బల్ల మీదే చకచకా ఏరేసింది.

తమ్ముడు పాత జోడు చేతిలోకి తీసుకున్నాడు. "ఏడేళ్ళు తిట్టానండీ," అన్నాడు.

"జోడు వారంలో వస్తుంది," అంది డాక్టరమ్మ, కాగితం మీద రాస్తూ.

జోడు వచ్చింది. మొదటి రెండు రోజులూ నేల ఎగుడుదిగుడుగా ఉందని బుజ్జక్క గోడ పట్టుకు నడిచింది. ఆ తర్వాత జోడు తీయలేదు. పడుకున్నాక మరదలే మెల్లిగా తీసి పెట్టేది. లాండ్రీలో మరకలున్న దుప్పట్లు పక్కన పడేయసాగింది. "మీ అక్క రోజుకు ఇరవై వెనక్కి పంపిస్తోంది, మేం చచ్చిపోతున్నాం," అని మేస్త్రీ ఫోన్ చేసి నవ్వాడు.

నెల తర్వాత ఒక సెలవు రోజు డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీ అక్కయ్య వచ్చి వెళ్ళారు. ఫ్రేమ్ వంగితే సరిచేసి పంపాను."

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఒక్కరే వచ్చారు."

అతను చెప్పులు వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. మలుపులో ఆమె ఎదురొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాడు.

"పద్నాలుగో నంబరు బస్సు ఎక్కాను," అంది బుజ్జక్క. "నలభై ఒకటి కూడా వచ్చింది. అది మనది కాదు, ఎక్కలేదు."

"ఎవరైనా చెప్పారా?"

"ఎందుకు? ముందు రాసుంది."

ఇద్దరూ ఇంటి వైపు నడిచారు. దారిలో ఎవరో ఇంటి గోడకు రంగు వేస్తుంటే ఆమె చూడ్డానికి ఆగింది. అతనూ ఆగాడు. ఆ మనిషి డబ్బా ఖాళీ చేసి నిచ్చెన దిగేవరకూ, తొందరపెట్టకుండా పక్కనే నిలబడ్డాడు.