పన్ను మీద పన్ను

రెండో శనివారం వచ్చిందంటే దూదక్కకి ఇప్పటికీ అలారం అక్కర్లేదు. ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. వెళ్ళవలసిన చోటు ఇప్పుడు లేదని, డాక్టరుగారు పోయి ఆరేళ్ళయిందని గుర్తుకొచ్చేసరికి స్టవ్ మీద నీళ్ళు మరుగుతూ ఉంటాయి. ఇక మళ్ళీ పడుకోవడమెందుకని కిటికీ దగ్గర చేరి, చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆ శనివారాలనే తలుచుకుంటుంది.

పెళ్ళికి ముందు, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆవిడ ఆ పళ్ళ డాక్టరుగారి దగ్గర అసిస్టెంటుగా చేరింది. మనిషి భారీ విగ్రహం. చేతులు మాత్రం గడియారాలు బాగుచేసేవాడి చేతులు. నెలనెలా రెండో శనివారం ఆయన క్లినిక్కు మూసేసి, మడతకుర్చీ, పనిముట్ల పెట్టె వ్యానులో వేసుకుని ఊరి చివరనున్న అనాథ పిల్లల హాస్టలుకి వెళ్ళేవారు. "నువ్వు రానక్కర్లేదమ్మా, సెలవు తీసుకో" అన్నారు మొదట్లో. మొహమాటానికి వెళ్ళింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళలో ఆవిడ మానేసిన శనివారాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

హాస్టలు భోజనాల గదిలో బల్లలన్నీ గోడకి నెట్టి, వెలుతురు బాగా పడేలా కుర్చీని కిటికీ వైపు తిప్పి వేసేవారు. ఫినాయిల్ వాసన మీద లవంగనూనె వాసన తేలేది. వరసలో వెనక నిలబడ్డవాళ్ళు కోతిచేష్టలు చేసేవారు. కుర్చీ దగ్గర పడేకొద్దీ ఒక్కొక్కరి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. నోట్లో దూది పెట్టేది ఆవిడే కనక పిల్లలు 'దూదక్క' అని పేరు పెట్టేశారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

చేరిన మూడో ఏడు వేసవిలో ఒక ఏడేళ్ళ పాప వరసలోకొచ్చింది. తండ్రి లేడు. తల్లికి ఊపిరితిత్తుల జబ్బు, దూరంగా ఎక్కడో పెద్దాసుపత్రిలో పడేశారు. పాపను చూసేవాళ్ళు లేక హాస్టల్లో చేర్చారు. ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది.

"ఏదమ్మా, ఒక్కసారి 'ఆ' అను" అన్నారు డాక్టరుగారు.

పాప పెదాలు బిగించింది.

"నోట్లో బంగారం గాని దాచావా ఏమిటి?"

వరసంతా గొల్లుమంది. పాప ఇంకా బిగించింది. "ఇది పిల్ల కాదు, తాళంకప్ప!" అని, ఎలాగో వేలితో పైపెదవి ఎత్తి చూశారాయన. పాలపన్ను ఊడకముందే దానిమీదకి కొత్తపన్ను ఎగబాకింది. కిందున్న ఆ పాలపన్ను మొదలంటా పుచ్చి చీముపట్టింది.

"నాలుగు రోజులు మందు వేయండి. వాపు తగ్గాక బుధవారం క్లినిక్కుకి తీసుకురండి, తీసేద్దాం" అని వార్డెనమ్మకి చెప్పారు.

బుధవారం వార్డెనమ్మ పాపను తీసుకొచ్చింది. వాపు తగ్గింది గాని తాళం తెరుచుకోలేదు. బుజ్జగించారు, బెదిరించారు. ఆఖరికి పాప డాక్టరుగారి వేలు కొరికింది. ఆయన వేలు విదిలించుకుంటూ, "మిగతా పళ్ళు దిట్టంగానే ఉన్నాయి, సందేహం లేదు. దూదక్కా, కాసేపు దీన్ని అవతలికి తీసుకెళ్ళు" అన్నారు.

వెనక గదిలో పనిముట్లు కడిగే సింకు ఉంది. దూదక్క ఏమీ అడగలేదు. పాప చేతికో పొడిగుడ్డ ఇచ్చి, కడిగిన ట్రేలు తుడవమంది. రెండు ట్రేలు తుడిచాక పాపే అడిగింది.

"అక్కా, పన్ను తీసేశాక మళ్ళీ అతికిస్తారా?"

"అతికించడమెందుకే? కొత్తది వచ్చేసిందిగా. అదే తిన్నగా దిగుతుంది."

"తిన్నగా ఉంటే మా అమ్మకి తెలీదుగా!"

దూదక్క కుళాయి కట్టేసింది.

"ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మా అమ్మ చెప్పింది. ఎన్నాళ్ళయినా సరే, నీ పన్ను మీద పన్ను చూసి వెయ్యిమందిలో ఉన్నా పట్టేస్తానంది."

దూదక్క చేతులు తుడుచుకుంది. వెళ్ళి డాక్టరుగారి చెవిలో వేసింది. ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో చాలాసేపు తుడిచారు. తర్వాత వెనక గదిలోకొచ్చి, ఆ భారీ మనిషి చిన్న స్టూలు మీద సర్దుకుని కూర్చున్నారు.

"చూడు తాళంకప్పా, నీ పళ్ళు ఎలా ఉన్నాయో అలాగే అచ్చు తీసి నీ చేతికిస్తాను. అమ్మ వచ్చాక చూపిద్దువుగాని. అప్పుడు పన్ను తీయనిస్తావా?"

పాప నాలుకతో పన్ను తడుముకుంది. "వంకర కూడా వస్తుందా?"

"ముందు వచ్చేదే వంకర."

అచ్చు కోసం గులాబి రంగు ముద్ద కలిపింది దూదక్కే. పాప కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా కిక్కురుమనకుండా దాన్ని కరిచిపట్టుకుంది. ఆ అచ్చులో పోసిన ప్లాస్టరు గట్టిపడ్డాక తెల్లటి పలువరస బయటికొచ్చింది. పాప దాని మీద వేలు పెట్టి, వంకర ఎక్కడుందో తడిమి చూసుకుంది. తర్వాత తనే వెళ్ళి కుర్చీ ఎక్కి నోరు తెరిచింది. పన్ను చిటికెలో వచ్చేసింది.

అసలు గొడవ మరుసటి నెల మొదలైంది. వరసలో మొదటివాడు నోరు మూసుకుని నిలబడ్డాడు. "నాకూ అచ్చు కావాలి." రెండోవాడిదీ అదే మాట. ఇరవై ఆరుమందిదీ అదే పాట. డాక్టరుగారు దూదక్కని ఓ చూపు చూసి, "ఇక నా ప్లాస్టరు సంచీ గోవిందా!" అన్నారు. శనివారానికి ముగ్గురు చొప్పున అచ్చులు తీసేసరికి ఏడాది దగ్గర పడింది. పుట్టిన వారానికే ఎవరో గేటు దగ్గర వదిలిపోయిన పిల్లాడొకడు ఉండేవాడు. వాడూ అచ్చు కోసం చెయ్యి చాపాడు. ఎవరికి చూపిస్తావని డాక్టరుగారు అడగలేదు. అచ్చు అడుగున వాడి ముద్దుపేరు పెన్సిలుతో రాసి చేతిలో పెట్టారు. భోజనాల గది అల్మారాలో ఒక అరంతా పళ్ళే. పిల్లలు వాటితో ఒకళ్ళనొకళ్ళు కొరికించుకునేవారు.

తల్లి దగ్గర్నుంచి కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. తాళంకప్పకి పదేళ్ళొచ్చాయి. ఆ ఏడు ఒక శనివారం, పొద్దెక్కాక, గుడ్డసంచీ పట్టుకున్న బక్కపలచటి మనిషి భోజనాల గది గుమ్మంలో నిలబడింది.

కుర్చీ వీపు గుమ్మం వైపు ఉంది. అందులో పాప, నోటినిండా దూది. బయటికి కనిపిస్తున్నవి ఒకదాని మీద ఒకటి వేసుకున్న పాదాలు మాత్రమే.

"అదుగో" అందామె. "ఆ బొటనవేలు చూడండి, అచ్చం వాళ్ళ నాన్నదే."

పాప లేవబోయింది. "కదలకు! పన్నులో పెట్టిన సిమెంటు ఆరలేదు" అన్నారు డాక్టరుగారు. తల్లి వచ్చి కింద కూర్చుని ఆ రెండు పాదాలూ పట్టుకుంది. నోరు తెరిచే ఉంచి, మూడు నిమిషాలపాటు ధారగా ఏడ్చింది పాప.

దూది తీయగానే, "ఉండమ్మా, ఎక్కడికీ వెళ్ళకు" అని అల్మారా దగ్గరికి పరుగెత్తి అచ్చు తెచ్చింది. "ఇదిగో, ఇది నేను."

"ఇదెందుకే? నువ్వున్నావుగా!" అని తల్లి పాపను ఒళ్ళోకి లాక్కుంది.

నవ్వేటప్పుడు ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోవడం డాక్టరుగారి కంట పడింది. "మీరూ ఒకసారి కూర్చోండమ్మా."

"నాకెందుకండీ, పిల్లల్ని చూడండి."

"నోరు తెరవమ్మా, ఏం చేయరు" అంటూ కూతురు చెయ్యి పట్టి కుర్చీ దాకా లాక్కెళ్ళింది.

వాళ్ళు బయల్దేరేసరికి రెండు దాటింది. బస్సు మలుపు తిరిగేదాకా పిల్లలంతా గేటు దగ్గరే నిలబడ్డారు. దూదక్కా నిలబడింది. గ్లవ్స్ తీయడం మరిచిపోయానన్న సంగతి చెయ్యి ఊపుతున్నప్పుడు గాని ఆవిడకి తెలియలేదు.